షెడ్డు తలుపులకూ తనిఖీ పెట్టండి

సంపాదకులు గారికి నమస్కారం.

మొన్న మీ జిల్లా పేజీలో కింద ఒక మూల నాలుగు లైన్ల వార్త వేశారు. గోదాము గేటు మీద పడి వాచ్‌మన్ చనిపోయాడు, ప్రమాదవశాత్తు జరిగినట్టు పోలీసులు కేసు రాసుకున్నారు, అంతే. పక్కన నగల షాపు ప్రకటన దానికి పది రెట్లు ఉంది. వార్త చిన్నదయిందని మీతో తగువు లేదు, ఆ “ప్రమాదవశాత్తు” అన్న మాటతోనే నా పేచీ. నేను గాజువాక ఆటోనగర్‌లో చిన్న ఫ్యాబ్రికేషన్ షాపు పెట్టుకుని ముప్పయ్యేళ్ళుగా అవే గేట్లు చేసి బతుకుతున్నవాణ్ణి. గోదాములకీ, రైసు మిల్లులకీ, రొయ్యల ప్లాంట్లకీ పక్కకి జరిగే పెద్ద తలుపులు చేశాను, రెండుసార్లు హ్యాంగర్, అంటే విమానాలు పెట్టే పెద్ద షెడ్డు, తలుపుల పనికి సబ్ కాంట్రాక్టుకి కూడా వెళ్ళాను. అంత బరువున్న తలుపు ఊరికే పడిపోదండీ. పడకుండా పట్టుకునేవి దానికి నాలుగైదు ఉంటాయి, ఏళ్ళ తరబడి అవి ఒక్కొక్కటే ఊడిపోతూ ఉంటాయి, ఎవరూ చూడరు, ఆఖరిది పోయిన రోజు దాని ముందు ఎవరు నిలబడి ఉంటే వాళ్ళ ఖర్మ.

నా చేతి గేటు కూడా ఒకటి పడింది, ముందు అది చెప్పేస్తాను. ఊరి బయట ఒక గోదాముకి చేసింది. ఎత్తు 20 అడుగులు, రెండు రెక్కలు, ఒక్కో రెక్క 12 అడుగుల వెడల్పు, రేకుతో కలిపి తొమ్మిది వందల కిలోల పైచిలుకు. కింద పట్టా మీద చక్రాలు నడుస్తాయి, పైన చానల్ అనే ఇనప గాడిలో తలుపు ఒరగకుండా పట్టే గైడు రోలర్లు, పట్టా కొసల్లో తలుపు దాటిపోకుండా స్టాపర్లు. తొమ్మిదేళ్ళు మాట రాకుండా నడిచింది. తర్వాత ఆ గోదాముకి 40 అడుగుల కంటైనర్లు రావడం మొదలై, బండి లోపలికి తిప్పేటప్పుడు తలుపు అంచు ఒక అరడుగు అడ్డం వస్తోందని ఎవరో గ్యాస్ కట్టర్‌తో స్టాపర్ కోసేశారు. తలుపు ఇంకో అరడుగు వెనక్కి పోయింది, డ్రైవర్‌కి దారి దొరికింది, అందరికీ హాయి.

కొన్నాళ్ళకి ఒక సాయంత్రం వాన మొదలైతే, సరుకు తడవకుండా లారీని లోపల పెట్టించాలని వాచ్‌మన్ తలుపుని గట్టిగా వెనక్కి తోశాడు. ఆగాల్సిన చోట ఆపేది లేదు. వెనక రోలర్ పై చానల్ దాటి బయటికొచ్చేసింది, ముందుది ఒక్కటే అంత తలుపునీ పట్టుకోలేక బ్రాకెట్‌తో సహా మెలితిరిగింది, రెక్క మొత్తం అతని మీదకి ఒరిగింది. తుంటి నుజ్జయింది. ప్రాణం దక్కింది, అదీ పక్కనే ఉన్న ఇటుకల దొంతి మీద తలుపు ఒక అంచు ఆనడం వల్ల.

మర్నాడు పొద్దున్నే యజమాని ఫోను. “ఏవండీ, మీరు పెట్టిన గేటే కదా.” వెళ్ళి చూశాను. స్టాపర్ ఉండాల్సిన చోట పళ్ళు పళ్ళుగా కోసిన మొండి ఉంది, ఆ కోత మీద తుప్పు మందంగా పట్టి గోటితో గీకితే పొరలు పొరలుగా లేస్తోంది, అంటే కోసి ఎన్ని నెలలయిందో! ఎవరు కోశారంటే ఎవరికీ తెలీదు. సూపర్‌వైజర్ మారాడు, లారీ కాంట్రాక్టు మారింది, గోదాము అద్దెకి తీసుకున్న పార్టీయే మారింది. నేను వాళ్ళ మీద అరిచాను గానీ ఇంటికొచ్చాక పాత ఫైలు తీసి నా కొటేషన్ చూసుకుంటే నోరు పడిపోయింది. తలుపు పట్టా తప్పినా నేల మీద పడకుండా రెక్క వెంబడి పట్టుకునే కొక్కేలు అందులో మొదట నేనే రాశాను, బేరంలో యజమాని “అవి అవసరమా” అన్నాడని నేనే కొట్టేశాను. మహా అయితే నాలుగు వేల రూపాయల సరుకు.

ఆ వాచ్‌మన్ ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తాడు, రోడ్డు పక్కన చిన్న బడ్డీ పెట్టుకున్నాడు. అటు వెళ్తే ఆగి టీ తాగుతాను. గేటు మాట అతనూ ఎత్తడు, నేనూ ఎత్తను.

ఈ తలుపులు ఎలా నడుస్తాయో తెలిస్తే ఎందుకు పడతాయో కూడా తెలుస్తుంది. చిన్న షెడ్డుకైతే తలుపుని పైనుంచి వేలాడదీస్తారు, బరువంతా పై దూలం మీద పడుతుంది, కింద ఊగకుండా ఒక చిన్న గైడు చాలు. తలుపు పెద్దదయ్యేకొద్దీ ఆ బరువుకి దూలం కుంగుతుంది, దూలం కుంగితే తలుపు నేలకి రాసుకుంటుంది. అందుకని పెద్ద తలుపులకి బరువు నేల మీద పట్టాకి ఇచ్చేసి, పైన నిలువుగా పట్టి ఉంచడానికి మాత్రం గైడు పెడతారు. అంటే కింద చక్రాలు ఎంత బలంగా ఉన్నా తలుపుని నిలబెట్టేది పైనున్న ఆ గైడు రోలర్లే. నేల మీద నిలబడి చూసేవాడికి అవి కనపడవు. 20 అడుగుల పైకి నిచ్చెన వేసుకుని ఎక్కి రోలర్ బోల్టు బిగువుగా ఉందా లేదా అని చూసే ఓపిక ఎవరికుంటుంది చెప్పండి? కింద చక్రం కిర్రుమంటే గ్రీజు పూస్తారు. పై రోలర్ అరిగిపోయినా చప్పుడు చెయ్యదు.

హ్యాంగర్ దగ్గర ఇదే తలుపుని వేరే పద్ధతిలో చూస్తారు. హ్యాంగర్ ముందు భాగం మొత్తం తెరుచుకోవాలి, మధ్యలో స్తంభం పెట్టడానికి లేదు. మనం రోజూ ఎక్కే ఎయిర్‌బస్ ఎ320 తోక దాదాపు 12 మీటర్ల ఎత్తుంటుంది, రెక్కల చివర నుంచి చివరకి 36 మీటర్లకి కొంచెం తక్కువ. పెద్ద బోయింగ్ 777-300ఇఆర్ అయితే తోక 18 మీటర్లు దాటుతుంది, రెక్కలు దాదాపు 65 మీటర్లు. ఎ320లు రెండు పక్కపక్కన చోటు వదిలి పెట్టుకోవాలన్నా ముఖద్వారమే 90 మీటర్లు, 100 మీటర్ల దాకా కావాలి. అంత తలుపు ఒక్క ముక్కగా చెయ్యలేరు, ఆరో ఎనిమిదో రెక్కలు చేసి, ఒక్కో రెక్కకి వేరే పట్టా వేసి, తెరిచినప్పుడు ఒకదాని వెనక ఒకటి వెళ్ళి పేకముక్కల్లా సర్దుకునేలా పెడతారు. గుమ్మం దగ్గర నిలబడి కిందకి చూస్తే రైల్వే యార్డులా వరసగా పట్టాలు కనిపిస్తాయి. ఆ పట్టాల మీదుగా విమానం చక్రాలు దాటాలి కాబట్టి అవి నేలకి సమానంగా, గాడిలో దిగి ఉంటాయి. ఇంకొన్ని చోట్ల అంత ఎత్తు తలుపు ఖర్చెందుకని విమానాన్ని సగం లోపలికి పెట్టి తోకని బయట వదిలేస్తారు, తలుపు రెక్కల మధ్య తోక పట్టేంత కంత చేస్తారు. దూరం నుంచి చూస్తే గూట్లో దూరిన కోడి తోకలా నవ్వొస్తుంది.

ఇంకో సంగతి. 100 మీటర్ల పైకప్పు కదలకుండా ఉండదు. గాలికీ, ఎండకీ, దాని బరువుకీ మధ్యలో జానెడు పైకీ కిందకీ ఆడుతుంది. తలుపు పై రోలర్లు బిగుసుకునేలా పెడితే మధ్యాహ్నం తలుపు ఇరుక్కుపోతుంది, మరీ వదులుగా పెడితే గాలి రోజున రోలర్ చానల్‌లోంచి జారిపోతుంది. అందుకని చానల్‌ని బాగా లోతుగా చేసి, రోలర్ అందులో పైకీ కిందకీ జారేందుకు చోటిచ్చి, పక్కలకి మాత్రం కదలకుండా కడతారు. మేం వెళ్ళిన మొదటి పనిలో ఆ లోతు చూసి ఇనుము దండగ అనుకున్నాను. ఇంజినీరు పొద్దున ఆరింటికీ, మధ్యాహ్నం రెండింటికీ దూలం మధ్యలో కొలత తీయించి రెండు గీతలూ చూపించాక నోరు మూసుకున్నాను.

ఆ ఇంజినీరు పెద్దాయన తలుపు అప్పజెప్పించుకునే రోజు కూడా నాకు బాగా గుర్తుంది. అందరం పూజ చేసి, కొబ్బరికాయ కొట్టి, బటన్ నొక్కడమే తరువాయి అనుకుంటుంటే జేబులోంచి ఒక పాత నట్టు తీసి పట్టా మీద పెట్టి “ఇప్పుడు నడపండి” అన్నాడు. చక్రం ముందు పట్టాని రాసుకుంటూ చీపురులా ఒక ఇనప పట్టీ ఉంటుంది, దారిలో పడ్డ చెత్తని అది నెట్టెయ్యాలి. మా పట్టీ పట్టాకి వేలెడు పైన ఉంది. నట్టు దాని కిందనుంచి దూరి చక్రం కిందకి పోయింది, ఇరవై టన్నుల రెక్క టక్కుమని ఎగిరి పడింది, పైనెక్కడో రోలర్లు ఖంగుమన్నాయి. ఎవరూ మాట్లాడలేదు. ఆయన “పట్టీ దింపండి, రేపు మళ్ళీ వస్తా” అని వెళ్ళిపోయాడు. రెండోరోజు నట్టు పక్కకి ఎగిరిపోయింది, అప్పుడే సంతకం పెట్టాడు.

అక్కడ బటన్ నొక్కి పట్టుకున్నంతసేపే తలుపు కదులుతుంది, చెయ్యి తీస్తే ఆగిపోతుంది. మనిషి నడక కన్నా బాగా నెమ్మదిగా వెళ్తుంది. కదిలినంతసేపూ హూటర్ మోగుతుంది, పసుపు దీపం తిరుగుతుంది. కొస దగ్గరికి రాగానే లిమిట్ స్విచ్ మోటార్‌ని ఆపుతుంది, అది పనిచెయ్యకపోతే ఇంకో స్విచ్, అదీ పనిచెయ్యకపోతే రబ్బరు బఫర్‌తో ఇనప దిమ్మ. కరెంటు పోతే ట్రాక్టర్‌తో లాగడానికి ప్రతి రెక్కకీ కొక్కెం. తలుపు బరువెంతో, ఏ గాలి వేగం దాటితే తెరవకూడదో పెయింటుతో రాసి ఉంటుంది. మరి మన గోదాములో? నలుగురు కళాసీలు భుజాలు ఆనించి “హైలెస్సా” అని తోస్తారు, అది ఎక్కడ ఆగాలో అక్కడ ఆగితే అదృష్టం.

2018లో మా అబ్బాయి దగ్గరికి సియాటిల్ వెళ్ళినప్పుడు ఎవరెట్‌లో బోయింగ్ ఫ్యాక్టరీ చూపించడానికి తీసుకెళ్ళాడు. 1967లో 747 కోసం మొదలైన ఫ్యాక్టరీ, లోపలి ఘనపరిమాణం లెక్కన ప్రపంచంలోనే పెద్ద భవనం అంటారు. ఫోన్లు బయట లాకర్‌లో పెట్టించారు కాబట్టి ఫొటోలు లేవు. బస్సులో అందరూ విమానాల వైపు మెడలు తిప్పుతుంటే నేను మాత్రం తలుపుల అడుగు ఎక్కడుందా అని చూస్తున్నాను. ఆరు ద్వారాలు, చిన్నవే 300 అడుగుల వెడల్పు, 80 అడుగులు దాటిన ఎత్తు, వాటి మీద పెద్ద బొమ్మ. మా కోడలు “మామయ్యా, ఇక్కడ కూడా గేట్లేనా” అని నవ్వింది. ఏం చేస్తాం, చెప్పులు కుట్టేవాడి చూపు చెప్పుల మీదే ఉంటుంది. ఫ్లోరిడాలో నాసా వాళ్ళ రాకెట్లు నిలబెట్టే భవనం తలుపులైతే 456 అడుగుల ఎత్తట, పూర్తిగా తెరవడానికి ముప్పావు గంట పడుతుందట. ముప్పావు గంట! మన దగ్గర తలుపు ముప్పై సెకన్లలో తెరుచుకోకపోతే లారీవాడు హారన్ కొడతాడు. మన శ్రీహరికోటలో రెండో ప్రయోగ వేదిక 2005 నుంచీ నడుస్తోంది, అక్కడా రాకెట్‌ని భవనంలో నిలబెట్టి జోడించి, పట్టాల మీద వేదిక దాకా తీసుకొస్తారు. అంతెత్తు రాకెట్ నిలువుగా బయటికి రావాలంటే తలుపు ఎంతుండాలో ఊహించుకోండి. అలాంటి చోట తలుపు మొరాయిస్తే రాకెట్ లోపలే ఉండిపోతుంది కాబట్టి దాన్ని రాకెట్టంత జాగ్రత్తగా చూస్తారు. బియ్యం బస్తాలకైతే ఆ తొందర లేదు, కాబట్టి తలుపుని పట్టించుకునే దిక్కూ లేదు.

ఇక గాలి. విశాఖవాళ్ళకి గాలి గురించి ఒకరు చెప్పక్కర్లేదు, 2014 అక్టోబర్ 12 మనకి తెలుసు. హుద్‌హుద్ తీరం దాటినప్పుడు గాలి గంటకి 180 కిలోమీటర్ల దాకా ఉందన్నారు. అంటే సెకనుకి 50 మీటర్లు. చిత్రమేమంటే భవనాల మీద గాలి భారం ఎంత లెక్కేసుకోవాలో చెప్పే భారత ప్రమాణాల పుస్తకం ఐఎస్ 875 మూడో భాగంలో విశాఖపట్నానికి ఇచ్చిన మూల గాలి వేగం కూడా సరిగ్గా అదే, సెకనుకి 50 మీటర్లు. విజయవాడకీ 50, హైదరాబాద్‌కి 44. అంటే హుద్‌హుద్ లాంటిది ఈ ఊరికి రావచ్చని పుస్తకంలో ముందే రాసి పెట్టుంది, మనం తెరిచి చూడలేదు అంతే. అదే పుస్తకం లెక్క ప్రకారం గాలి వేగాన్ని దానితోనే హెచ్చవేసి 0.6తో గుణిస్తే చదరపు మీటరు మీద తోపుడు ఎన్ని న్యూటన్లో వస్తుంది. 50ని 50తో హెచ్చవేసి 0.6తో గుణిస్తే 1,500, మన మామూలు భాషలో చదరపు మీటరుకి 150 కిలోలు. నేను చేసిన ఆ గోదాము రెక్క 22 చదరపు మీటర్లు, దాని మీద గాలి పెట్టే బరువు 3 టన్నులు దాటింది. రెక్క సొంత బరువు టన్ను కూడా లేదు. 12 మీటర్ల వెడల్పు, 18 మీటర్ల ఎత్తున్న హ్యాంగర్ రెక్క అయితే 32 టన్నులు. ఎత్తుకీ, ఆకారానికీ కలపాల్సినవి ఇంకా ఉన్నాయి, ఇది మొదటి మెట్టు లెక్క మాత్రమే.

తలుపు పోతే తలుపొక్కటే పోయి ఊరుకోదు. అదే పుస్తకంలో, గోడలో ఖాళీలు 5 శాతం లోపుంటే లోపలి ఒత్తిడికి ఆ గాలి తోపుడులో 0.2 వంతు వేసుకోమన్నారు, 20 శాతం దాటితే 0.7 వంతు వేసుకోమన్నారు. తలుపు ఊడిన క్షణం నుంచీ షెడ్డు రెండో లెక్కలోకి వెళ్ళిపోతుంది, లోపల చేరిన గాలి కప్పుని కిందనుంచి ఎత్తుతుంది, పైన వీచే గాలి దాన్ని పైకి పీలుస్తుంది, గొడుగు తిరగబడ్డట్టు రేకులు లేచిపోతాయి. హుద్‌హుద్ వెళ్ళిన మూడోరోజు రోడ్ల మీద చెట్లు నరుక్కుంటూ ఆటోనగర్ అంతా తిరిగాను. రేకులు పోయిన షెడ్డు ఎక్కడ కనపడినా ముందు తలుపు చూశాను, చాలా చోట్ల అది లోపలికి పడి ఉంది. ఒక షెడ్డు దగ్గర తలుపుని నేలకి బిగించే కడ్డీలు చక్కగా నూనె రాసి గోడకి వేలాడదీసి ఉన్నాయి. తుఫాను వస్తోందని నాలుగు రోజుల ముందే టీవీలు మొత్తుకుంటుంటే అవి ఎందుకు పెట్టలేదయ్యా అంటే, పాపం అక్కడి కుర్రాడు నేల చూపించాడు. ఏడాది కిందట కొత్తగా గచ్చు వేశారు, వేసినవాళ్ళు కడ్డీలు దిగే గుంటలు కూడా సిమెంటుతో సుబ్బరంగా పూడ్చేశారు!

సముద్రం పక్కన ఇంకో దొంగ ఉన్నాడు, ఉప్పుగాలి. పైన పెయింటు మెరుస్తుంటుంది, కింద చక్రం పెట్టె విప్పితే గ్రీజు బదులు ఎర్రటి ముద్ద చేతికొస్తుంది. పట్టా గాడిలో వాన నీళ్ళు పోయే దారి ఉండకపోతే తలుపు కింది చట్రం అయిదారేళ్ళలో కాగితంలా అయిపోతుంది. దీనికి మందు ఏముంది, ఏడాదికి రెండుసార్లు విప్పి చూడటమే.

అసలు రోగం నన్నడిగితే రేటు కట్టే పద్ధతిలో ఉంది. మా దగ్గర గేటుని కిలోల్లెక్కన కొంటారు, బెల్లం కొన్నట్టు. కిలో ఇంత, ఎన్ని కిలోలు, అయితే ఇంత. దాంతో బేరం మొదలవగానే కొనేవాడి కన్ను బరువు మీద పడుతుంది. 100 మిల్లీమీటర్ల చానల్ ఎందుకు 75 చాలదా, యాంగ్లర్ (ఎల్ ఆకారం ఇనుము) మందం ఆరు మిల్లీమీటర్లు ఎందుకు అయిదు చాలదా, ఈ కొక్కేలు దేనికి, రెండో స్టాపర్ దేనికి. షెడ్డు కట్టే ఇంజినీరు డ్రాయింగ్‌లో తలుపు దగ్గర ఒక ఖాళీ గీసి “తలుపు: ఇతరులు చేస్తారు” అని రాసి వదిలేస్తాడు. ఆ “ఇతరులు” నేనన్నమాట. నాకు గాలి లెక్క ఎవరూ ఇవ్వరు, నేనూ అడగను, అడిగితే పక్క షాపువాడికి పోతుంది ఆర్డరు. మేం కూడా తక్కువ తిన్నవాళ్ళం కాదు, తక్కువ రేటుకి ఒప్పుకుని ఎక్కడ కొయ్యాలో అక్కడ కోస్తాం. ఇది రాసినందుకు మా వాళ్ళు నన్ను తిట్టుకుంటారు, తిట్టుకోనివ్వండి.

దిడ్డి తలుపు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కోట తలుపులకి మన పాతవాళ్ళు కూడా దిడ్డి పెట్టారు, పెద్ద తలుపు మూసి ఉన్నా మనిషి వంగి వెళ్ళొచ్చు. మేం దాన్నే వికెట్ గేటు అంటాం. లోపల మంటలొచ్చి పొగ కమ్మితే టన్ను తలుపుని ఒక్కడు తోసుకుని బయటపడలేడు, వాడికి ఆ చిన్న తలుపే దిక్కు. నేను చూసిన చాలా గోదాముల్లో అది ఉంటుంది, దానికి బయటనుంచి తాళం ఉంటుంది. దొంగతనాల భయమట.

2025 నవంబర్ దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం తీసి చూడండి. 28వ సెక్షన్‌లో లిఫ్టుని ఆరు నెలలకోసారి అర్హత ఉన్నవాడు పరీక్షించి రిజిస్టర్‌లో రాయాలని ఉండేది. 29వ సెక్షన్‌లో క్రేన్లకీ, గొలుసులకీ ఏడాదికోసారి అని ఉండేది. అందుకే ఎంత చెత్త ఫ్యాక్టరీలోనైనా బరువులెత్తే చైన్ బ్లాక్ మీద చిన్న రేకు ముక్క, తారీఖు కనిపిస్తాయి. అదే షెడ్డులో రోజుకి యాభైసార్లు అటూ ఇటూ తిరిగే టన్ను తలుపుకి అలాంటి రేకు ముక్క నేను ఇన్నేళ్ళలో ఒక్కచోట కూడా చూడలేదు, హ్యాంగర్లు తప్ప. బ్రిటన్‌లో 2010లో కొద్ది రోజుల తేడాతో ఇద్దరు చిన్నపిల్లలు మోటారు గేట్ల మధ్య నలిగి చనిపోతే అక్కడి భద్రతా సంస్థ వెంటనే గేట్లు చేసేవాళ్ళకీ, పెట్టించుకున్నవాళ్ళకీ హెచ్చరికలు పంపింది. యూరప్‌లో ఇలాంటి తలుపులకి ఈఎన్ 13241 అని ప్రత్యేకంగా ప్రమాణమే ఉంది. మనకి కూడా ఆ పాత చట్టం స్థానంలో 2020లో కేంద్రం వృత్తి భద్రత కోడ్ చేసింది, దాని కింద నియమాలు రాసుకునే అధికారం రాష్ట్రాలకి ఉంది. ఆ నియమాల్లో ఫలానా ఎత్తు, ఫలానా బరువు దాటిన జరిగే తలుపుని కూడా లిఫ్టులాగే ఆరు నెలలకోసారి చూసి రాయాలి అని ఒక్క వాక్యం చేర్చమని రెండు రాష్ట్రాల ఫ్యాక్టరీల శాఖలనీ అడుగుతున్నాను. పై రోలర్లు, స్టాపర్లు, పడకుండా పట్టే కొక్కేలు, నేల కడ్డీలు, దిడ్డి. ఒక మనిషి, ఒక నిచ్చెన, ఒక గంట, అంతే పని. తీరప్రాంతంలో అక్టోబర్, నవంబర్ రాకముందు ఒకసారి చూస్తే మరీ మంచిది. కొత్త షెడ్డుకి అనుమతి ఇచ్చేటప్పుడు తలుపు డ్రాయింగ్ కూడా అడగాలి, దాని మీద గాలి లెక్క వేసినవాడి సంతకం ఉండాలి. “ఇతరులు చేస్తారు” అంటే కుదరదని చెప్పాలి.

ఖర్చవుతుందని పెద్దవాళ్ళు గొణుగుతారని తెలుసు. నా లెక్కలో ఆ గోదాము తలుపుకి కొక్కేలు, రెండో స్టాపర్, నేల కడ్డీలు అన్నీ కలిపి తలుపు ఖరీదులో ఇరవయ్యో వంతు కూడా అయ్యుండేది కాదు. విజయనగరం, భోగాపురం దారిలో వెళ్తుంటే రోడ్డుకి రెండు వైపులా కొత్త షెడ్లు లేస్తున్నాయి, రేపు వాటికి తలుపులు బిగించేది నాలాంటివాళ్ళే. బిగించే రోజున స్టాపర్ ఉంటుంది. మూడేళ్ళ తర్వాత ఉందో లేదో చూసేవాడు కావాలి.

ఆఖరుగా ఒక మాట, కోపం తెచ్చుకోకండి. మీ ప్రెస్సులో న్యూస్‌ప్రింట్ రీళ్ళు దింపే చోట కూడా ఇలాంటి తలుపు ఒకటి ఉండే ఉంటుంది. ఈ ఉత్తరం వేసినా వెయ్యకపోయినా, సాయంత్రం ఒకసారి అటు వెళ్ళి పట్టా కొస దగ్గర కూర్చుని చూడండి. స్టాపర్ ఉందా, ఉంటే దాని బోల్టు చేత్తో తిప్పితే తిరుగుతోందా. తిరిగితే ఆ రాత్రి డ్యూటీవాళ్ళని తలుపు తియ్యొద్దనండి.

ఇట్లు,
ఒక గేట్ల మేస్త్రి,
ఆటోనగర్, గాజువాక, విశాఖపట్నం